బొటనవేలికి దారం

అబద్ధం చెప్పడానికి పెద్ద సమయమేమీ పట్టదు. వలకన్నులోంచి సూది లాగి ముడి బిగించేలోపు అయిపోతుంది. "అప్పా, వీడు నీ దగ్గర ఎలాగ పడుకుంటాడు? ఏటి చేస్తావు?" అని, అక్క వరసైన దుర్గను తోటికోడలు సుహాసిని గదిలోంచి అడిగింది. "నానేటి సేస్తాను, కడుపు నిండితే ఆడే పడుకుంటాడు" అని దుర్గ వసారాలోంచి చెప్పింది. అంతే, అయిపోయింది. లోపల సూట్‌కేసు జిప్పు సర్రున మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది, ఏదో మరిచిపోయినట్టుంది. దుర్గ తల ఎత్తలేదు. గోడకు వీపు ఆనించి రెండు కాళ్ళూ బార్లా చాపుకుని కూర్చుంది. కుడికాలి బొటనవేలికి వల అంచు తగిలించి ఉంది, మిగతా వలంతా మెట్ల దాకా నీలంగా కుప్పపడి ఉంది, ఆ చాపిన కాళ్ళ మీద పది నెలల పిల్లాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆమె అబద్ధానికి సాక్షి అంటూ ఉంటే వాడొక్కడే, వాడికింకా మాటలు రాలేదు. ఒంటిగంటన్నర దాటింది. మూడింటికి కారు వస్తుంది. పిల్లాడి తండ్రి, దుర్గ మరిది ఉమాశంకర్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి దారిలో రణస్థలం దగ్గర ఎక్కుతాడు, అందాకా తల్లీ పిల్లాడూ ఇద్దరే. రాత్రికి వైజాగులో విమానం, శని ఆదివారాలు హైదరాబాదు, ఆదివారం రాత్రికి తిరిగి రావడం, సోమవారం పొద్దున్నే పిల్లాడు మళ్ళీ ఈ కాళ్ళ మీదికి. మధ్యలో రెండున్నర రోజులు. తుఫాను రాత్రులు ఎన్ని చూడలేదు, అమ్మవారి పండగకి తొమ్మిది రోజుల ఉపవాసం ఎన్నిసార్లు ఉండలేదు, ఈ రెండున్నర రోజులు మాత్రం ఎలా దాటాలో ఆమెకు అంతుచిక్కడం లేదు.

రెండు రోజుల సరదాకి నెల రోజుల సన్నాహం, పెళ్ళికి కూడా ఇంత హడావిడి చేయలేదు. సుహాసిని ఫోన్‌లో ఒక జాబితా పెట్టుకుంది. ఒక్కో పని కాగానే పక్కన టిక్కు పెడుతుంది, పెట్టిన ప్రతిసారీ వచ్చి దుర్గకు చూపిస్తుంది, పరీక్ష పాసైన పిల్లలాగ. డైపర్లు, ఉగ్గు పొడి, వేడినీళ్ళ ఫ్లాస్కు, జ్వరం మందు, చెవులు మూసే టోపీ. విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ పిల్లల చెవులు దిబ్బడ వేస్తాయట, సరిగ్గా అప్పుడే పాలు పట్టాలట, ముందే పట్టేస్తే పనికిరాదట. పుట్టిన సర్టిఫికెట్టు కూడా చూపించాలట. వీడు పుట్టాడని పేటంతటికీ తెలుసు, ఆ రోజు వలలో పడ్డ వంజరం చేపని అమ్మకుండా ఇంటింటికీ పంచిపెట్టారు, అయినా కాగితం కావాలట. ఆ కాగితం మీదా టికెట్టు మీదా నిహాంత్ అని ఉంది. దుర్గ వాణ్ణి ఏ రోజూ అలా పిలవలేదు. మామగారి పేరూ శ్రీకూర్మం దేవుడి పేరూ కలిసొస్తాయని కూర్మయ్య అంటుంది, వాడూ దానికే తల తిప్పుతాడు. విమానం ఎక్కబోయే ఆ నిహాంత్ ఎవడో ఆమెకు తెలియదు. పైగా వాడికి సీటు లేదు, రెండేళ్ళ లోపు పిల్లలు ఒళ్ళోనే కూర్చోవాలట, టికెట్టే అలా ఇస్తారట. నాలుగు నెలలుగా వాడు పగలంతా కూర్చున్న ఒడి ఇక్కడ వసారాలో ఉంది, దానికి టికెట్టు ఎవరూ తీయలేదు. రమ్మంటే మాత్రం వెళ్ళేదా, వెళ్ళేది కాదు. మొగుడికి కూడెవరు వండుతారు, ఎండబెట్టిన చేపలు ఎవరు చూస్తారు, ఆ పైన ఆకాశంలో ఎగరడమంటే ఆమెకు ఇప్పటికీ భయం. అయినా రమ్మనాలి కదా. మాటవరసకైనా అనాలి కదా. నానెందుకమ్మా, మీరు ఎల్లి రండి అని చెప్పుకునే మర్యాద కూడా మిగల్చకుండా నెల రోజులు జాబితా చూపించారు.

ఇంతకీ వాడికి చూపించబోయేదేమిటంటే, అదొక వింత. హైదరాబాదులో గాజు సొరంగమట, లోపల నడుస్తుంటే నెత్తి మీద చేపలు ఈదుతాయట, వాడికి అది చూపించాలట. ఇంటి వెనకాల సముద్రాన్ని పెట్టుకుని, పాకడం నేర్చిందే చేపల బుట్టల మధ్య అయిన పిల్లాడికి చేపలు చూపించడానికి విమానం ఎక్కుతున్నారు. ఈ మాట చెప్పి నవ్వుదామని మొన్న మొగుడు హరిబాబు దగ్గరికి వెళ్ళింది. అతను ఇంజను తుడుస్తూ తల ఎత్తకుండానే, "ఎల్లనీయే, ఆల్ల బిడ్డని ఆల్లు తీసుకెల్తన్నారు, నీకేటి?" అన్నాడు. నీకేటి. రెండు రోజులైంది, చేపముల్లు గొంతులో దిగినట్టు ఆ మాట దిగింది, అన్నం ముద్ద మింగినా పోలేదు. నిజమే, తనకేమిటి. కన్నది సుహాసిని, నొప్పులు పడింది సుహాసిని, పాలు సుహాసినివి. ఆరు నెలల సెలవు అయిపోయి మళ్ళీ శ్రీకాకుళంలో ఇన్సూరెన్సు ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చినప్పుడు, "రెండు నెలలు చూడప్పా, తరవాత ఏదో ఒకటి చేస్తాను" అని పిల్లాణ్ణి చేతిలో పెట్టింది, అంతవరకే. ఆ రెండు నాలుగయ్యాయి. పళ్ళు మొదట కనిపెట్టింది ఎవరు, దుర్గ. మెట్టు ఎక్కబోయి పడితే నుదుటి మీద మంచినూనె రాసింది ఎవరు, ఆ సంగతి సాయంత్రం వాళ్ళమ్మకు చెప్పకుండా దాచింది ఎవరు. పిల్లాడు కాళ్ళ మీద కదిలాడు. దుర్గ గొణుగుతూ లెక్క అందుకుంది, సూది దూర్చింది, ముడి బిగించింది, కాలు చిన్నగా అదిరింది, వాడు మళ్ళీ నిద్రలోకి జారాడు.

అసలీ ప్రయాణం ఎందుకో ఆమెకు తెలుసు. తెలియకపోతే బాగుండేది. పోయిన ఆదివారం కుళాయి దగ్గర చేపల గిన్నె తోముతుంటే గోడ అవతల సుహాసిని వాళ్ళమ్మతో ఫోన్‌లో మాట్లాడుతోంది. "ఇక్కడుంటే ఆడు నా మొకం చూడడమ్మా. ఆఫీసు నుంచి వచ్చి చేతులు చాపితే అప్ప మెడ కరుచుకుని తల తిప్పీసుకుంటాడు. అప్ప లేని చోట రెండ్రోజులుంటే అప్పుడైనా నన్ను గుర్తుపడతాడేమో." చెంబు చేతిలో ఉండగానే దుర్గ ఒళ్ళంతా చల్లగా అయింది. మొదట కలిగింది సంతోషం, అబద్ధమాడి లాభం లేదు, చెంబెడు చల్లటి సంతోషం. నా మెడే కరుచుకుంటాడు. ఆ వెనకే వచ్చింది రెండోది. అంటే ఇది సరదా కాదు, చేపలూ కాదు, సొరంగమూ కాదు, తననుంచి పిల్లాణ్ణి విడదీయడానికి విమానం ఎక్కుతున్నారు. బస్సు దూరం చాలక ఆకాశం దూరం పోతున్నారు. అసూయ కళ్ళలో ఉంటుందంటారు గానీ దుర్గకది ఎడమ చంకలో ఉంది, పిల్లాణ్ణి ఎక్కించుకునే చోట. ఆ రోజు నుంచీ అక్కడ మంట. సుహాసిని నా కొడుకు అని ఫోన్‌లో ఎవరితోనో అలవోకగా అంటే మంట. సాయంత్రం ఏడింటికి వచ్చి, చేతులు కడుక్కుని, చెవి వెనక సెంటు వాసనతో వంగి వాడికి ముద్దు పెట్టుకుంటే మంట. నిన్న వచ్చి, "నీ పాత చీర ఒకటి ఇయ్యప్పా, హోటల్లో పక్క మీద వేస్తాను, నీ వాసన ఉంటే పడుకుంటాడేమో" అని మొహం చిన్నబుచ్చుకుని అడిగింది. పాపం ఎంత దిగివచ్చి అడిగిందో దుర్గకు తెలియకపోలేదు. లోపలికి వెళ్ళి పెట్టె అడుగు నుంచి, ఉతికి మడతపెట్టి రెండేళ్ళుగా కలరా ఉండల మధ్య ఉన్న చీర తీసి ఇచ్చింది. ఇప్పుడు ఒంటి మీదున్న చీర ఇస్తే ఏం పోయేది. ఏమీ పోయేది కాదు.

వాణ్ణి నిద్రపుచ్చేది వాసనా కాదు, పాలూ కాదు, జోలపాటా కాదు. ఆ కిటుకు ఆమె కూడా తెలివితో కనిపెట్టిందేమీ కాదు. పిల్లాణ్ణి అప్పగించిన మొదటి వారం ఆకాశం చిల్లు పడేటట్టు ఏడ్చాడు. ఉయ్యాల వేసింది, దిష్టి తీసింది, ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో పోసి ఇల్లంతా దగ్గించింది, పక్కింటి అసిరమ్మను పిలిచి నడుముకు తాడు కట్టించింది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. నాలుగో రోజు హరిబాబు చిరిగిన వల తెచ్చి పడేసి పొద్దున్నకి కావాలన్నాడు. పిల్లాడు ఏడ్చినా పని ఆగదు కదా, కాళ్ళు చాపి, వాణ్ణి కాళ్ళ మీద వేసుకుని, వల అంచు బొటనవేలికి తగిలించి కూర్చుంది. వరసకు ఇన్ని కన్నులని లెక్క ఉంటుంది, తప్పితే వల ఒక పక్కకి లాగేస్తుంది, అందుకని పైకే లెక్కపెట్టుకుంటారు. సంతలోలాగ ఒకటిని లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ప్రతి కన్నుకీ ఒక ముడి, ప్రతి ముడికీ వేలు లాగుతుంది, కాలు సన్నగా అదురుతుంది. ఇరవయ్యో కన్ను దాటకముందే వాడు నిద్రపోయాడు. మర్నాడు పరీక్ష చేసింది. లెక్క మానేసి ముడులు మాత్రం వేస్తే కళ్ళు తెరిచాడు. ముడులు మానేసి లెక్క మాత్రం పెడితే కళ్ళు తెరిచాడు. రెండూ ఉండాలి. సుహాసిని ఆదివారాల్లో కాళ్ళు చాపి వేసుకుని ఊపుతుంది, పాపం ఉయ్యాలలాగ ఊపుతుంది, వాడు దుర్గ వైపు చేతులు చాపి ఏడుస్తాడు. వల కాళ్ళకు అడ్డంగా ఉందని ఆవిడ పక్కకు నెట్టేస్తుంది కూడా. ఆ నెట్టేసిన దానిలోనే ఉంది సంగతంతా. దుర్గ చూస్తూ ఊరుకుంటుంది. నాలుగు నెలలుగా ఊరుకుంటూనే ఉంది, అడగనంత వరకు అది దాచడం కాదని సర్దుకుంది. ఇవాళ అడిగింది. ఇవాళ అబద్ధం చెప్పింది.

ఏడవనీ. దుర్గ సూదికి దారం చుట్టుకుంటూ, మనసులోనే, తాను ఎన్నడూ చూడని విమానంలోకి వెళ్ళి కూర్చుంది. బస్సులాగే ఉంటుందట లోపల, నడుమ దారి, అటూ ఇటూ సీట్లు, కిటికీలు తెరవరట. తలుపు వేస్తారు. వీడు మొదట పెదవి విరుస్తాడు, కింది పెదవి వణుకుతుంది, ఆ తర్వాత మొదలెడతాడు. సుహాసిని పాలు పడుతుంది, తోసేస్తాడు. టోపీ పీకేస్తాడు. బాగా చదువుకున్నవాళ్ళు, ఇస్త్రీ చొక్కాల వాళ్ళు, వెనక్కి తిరిగి చూస్తారు. ఉమాశంకర్ లేచి భుజాన వేసుకుని ఆ సన్నటి దారిలో అటూ ఇటూ తిరుగుతాడు. చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని అన్నకంటే వేగంగా వల అల్లినవాడే, ఇప్పుడు వేళ్ళకి ఆ సంగతి గుర్తు కూడా లేదు. ఆ కలరా ఉండల చీర తీస్తారు. వాడు తుమ్ముతాడు, ఇంకా ఏడుస్తాడు. హోటల్లో రాత్రి, చేపల సొరంగంలో పగలు, ఎక్కడ చూసినా వాడి గొంతే. ఆదివారం రాత్రి దొంగల్లా తల దించుకుని వస్తారు, పిల్లాణ్ణి ఈ కాళ్ళ మీద పడేస్తారు, వాడు పది కన్నుల్లో నిద్రపోతాడు. అప్పుడు నీకేటి అన్నవాడు కూడా చూస్తాడు. అప్పుడు దుర్గ ఏమీ అనదు. నవ్వుతుంది, అంతే. అనుకోగానే ఆ నవ్వు నిజంగానే పెదవుల మీదికి వచ్చింది. వచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే అది ఆమెది కాదు, ఆమెకు అది తెలుసు, అది అత్త నారాయణమ్మ నవ్వు.

నారాయణమ్మ పోయి మూడేళ్ళు. ఆమె కూడా ఇదే గోడకు ఆనుకుని ఇలాగే కాళ్ళు చాపి కూర్చునేది. దుర్గ కూతురు కుసుమకుమారి, ఇప్పుడు ఎచ్చెర్ల హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోంది గానీ, అప్పటికి ఏడాదిన్నర పిల్ల. దుర్గ తెల్లవారకముందే చేపల బుట్ట ఎత్తుకుని శ్రీకాకుళం పోయేది, పొద్దుగూకాక వచ్చేది. వచ్చేసరికి కుసుమ నాయనమ్మ వెనక్కి పోయి దాక్కునేది. నాయనమ్మను అమ్మా అనేది, దుర్గను దుర్గా అని పేరు పెట్టి పిలిచేది, పేటలో అందరూ అదొక ముద్దుగా చెప్పుకుని నవ్వేవాళ్ళు, దుర్గ కూడా నవ్వేది, నవ్వి చాటుకు వెళ్ళి మొహం కడుక్కునేది. అత్త దగ్గర పిల్ల చిటికెలో నిద్రపోయేది. ఏం చేస్తుందో తెలిసేది కాదు. నల్లమందు పెడుతోందేమోనని ఒకసారి ఆమె ఆకువక్కల చిక్కం సంచి కూడా వెతికింది. తమ్ముడి పెళ్ళికి పిల్లను తీసుకుని పూసపాటిరేగ అవతల పుట్టింటికి బయల్దేరింది, మూడు రోజులు, తల్లీ పిల్లా ఇద్దరే, అత్త లేని చోట, మూడు రోజులుంటే పిల్ల అమ్మా అంటుందని. అచ్చంగా అదే. పక్కింట్లో ఎవరైనా విని ఉంటే అచ్చంగా సుహాసిని మాటే అనుకునేవారు. నాగావళి వంతెన మీద నీళ్ళలోకి రూపాయి వేసి దండం పెట్టుకుంది, పిల్లలకి మొదటిసారి ఏరు దాటించేటప్పుడు వేయాలి కదా. వంతెన దాటగానే కుసుమ ఏడుపు అందుకుంది. ఎచ్చెర్ల, రణస్థలం, బస్సంతా చూస్తోంది, పాలు తాగదు, బిస్కెట్టు పట్టదు, ఒళ్ళో నిలవదు, తల్లి గుండె మీద రెండు చేతులూ పెట్టి నెట్టేస్తోంది. ముందు సీట్లో ముసలాయన ఒకడు వెనక్కి తిరిగి, చెడ్డవాడేమీ కాదు, మెల్లగానే అడిగాడు. "ఈ పిల్ల నీ పిల్లేనేటమ్మా?"

పద్నాలుగేళ్ళు దాటింది. ఆ ముసలాయన తలపాగా రంగు కూడా గుర్తుంది. మూడు రోజుల పెళ్ళిలో ఒక్క పూట సరిగ్గా అన్నం తినలేదు, తిరిగొచ్చి గొంతు బొంగురుపోయిన పిల్లను ఈ వసారాలోనే అత్త కాళ్ళ మీద పడేసింది. అత్త వల బొటనవేలికి తగిలించుకుని లెక్క మొదలెట్టింది, పిల్ల నిద్రపోయింది, అత్త తల ఎత్తి దుర్గను చూసి నవ్వింది. ఒక్క మాట అనలేదు. ఆ నవ్వును దుర్గ చచ్చేదాకా క్షమించనని ఆ పూటే ఒట్టు పెట్టుకుంది. క్షమించలేదు కూడా, ఆమె పాడె లేచేటప్పుడు ఏడ్చింది గానీ అది వేరే. నాలుగు నెలల కిందట కూర్మయ్య ఇరవయ్యో కన్ను దగ్గర నిద్రపోయినప్పుడు గాని అత్త రహస్యం ఏమిటో తెలియలేదు. తెలిశాక ఇంకోటి తోచింది, అది తోచిన దగ్గర్నుంచి దాన్ని తోసేస్తూనే ఉంది. అత్తకు ఆ సంగతి తెలుసా? వల అల్లుకోవడం ఆమె పని, పిల్ల పడుకునేది, అంతే కదా. ఎందుకు పడుకుంటోందో ఏనాడైనా ఆలోచించిందో లేదో. బహుశా ఆమె దాచలేదేమో, ఆ నవ్వులో పిల్ల తిరిగొచ్చిన సంబరం తప్ప మరేమీ లేదేమో. అత్తకు తెలుసో తెలియదో దేవుడికెరుక, తనకు మాత్రం తెలుసు. తాను అత్త కంటే ఒక మెట్టు కిందికి దిగింది. దుర్గ చేతిలో ముడి బిగుసుకోలేదు, జారిపోయింది, లెక్క తప్పింది.

సుహాసిని వసారాలోకి వచ్చింది. ప్రయాణానికని కొత్త పంజాబీ డ్రస్సు, జుట్టు పైకి ముడి, చేతిలో ఫోను. గుమ్మం మీద కూర్చుని ఫోను దుర్గ మొహం ముందు పెట్టింది. అన్నిటి పక్కనా టిక్కులున్నాయి, ఆఖర్న ఒక్కదాని పక్కన లేదు. నిద్ర, అని రాసుకుంది. "ఇదొకటే మిగిలిందప్పా" అంది నవ్వబోయి. నవ్వు కుదరలేదు. గోళ్ళ రంగు గీక్కుంటూ కూర్చుంది. దగ్గర నుంచి చూస్తే ఈ పిల్లకు కళ్ళ కింద చారలు వచ్చాయి. "రాత్రి లేచి నా దగ్గర పాలు తాగుతాడు కదా, అప్పుడు కూడా కళ్ళు తెరవడప్పా. తెరిస్తే నేనని తెలిసిపోతాదని భయమేమో" అంది. పిల్లాడి అరికాలి మీద వేలు పెట్టి తీసేసింది, లేస్తాడేమోనని. ఆ తీసేసిన వేలు చూశాక దుర్గకు ముసలాయన తలపాగా మళ్ళీ కనబడింది. రణస్థలం దాకా ఈ పిల్ల ఒక్కర్తే ఉంటుంది కారులో. డ్రైవరు అద్దంలోంచి చూస్తాడు. ఆ తర్వాత విమానం. అక్కడా ఒకడు మెల్లగా వెనక్కి తిరుగుతాడు, మంచివాడే అయి ఉంటాడు.

"కాలు సాపు" అంది దుర్గ.

"ఏటప్పా?"

"గోడకి ఆనుకోని కాళ్ళు సాపు. బేగి. సెప్పింది సెయ్యి, మల్లీ నాను మనసు మార్చీసుకుంతాను."

సుహాసినికి ఏమీ అర్థం కాలేదు గానీ చెప్పినట్టే ఎదురుగా కూర్చుని కాళ్ళు చాపింది. దుర్గ తన వేలి నుంచి వల తప్పించి, పిల్లాడి మెడ కింద ఒక చెయ్యీ నడుము కింద ఒక చెయ్యీ వేసి ఎత్తింది. పెసరగింజంత బరువు కాదు, నాలుగు నెలల బరువు. సుహాసిని కాళ్ళ మీదికి దించగానే వాడు లేచాడు. తల్లిని చూశాడు, పెద్దమ్మను చూశాడు, కింది పెదవి వణికింది, రెండు చేతులూ దుర్గ వైపు చాపి మొదలెట్టాడు. ఎడమ చంక భగ్గుమంది. చేతులు వాటంతట అవే లేచాయి, వాటిని పట్టి తొడల కింద పెట్టుకుని కూర్చుంది, నవ్వులాటకి కాదు, నిజంగానే తొడల కింద పెట్టుకుంది. తర్వాత ఒక చెయ్యి తీసి మూరెడు దారం తెంపి, సుహాసిని బొటనవేలికి, ఎర్రరంగు గోరు కింద, వదులుగా ఉచ్చు వేసి, రెండో కొస ఆమె చేతిలో పెట్టింది. "లాగు. గట్టిగా కాదు. ముడి బిగించినట్టు. కాలు అదరాల. ఒక లాగుకి ఒక లెక్క. లాభం." సుహాసిని లాగింది. "రెండు." లాగింది. ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఆ పిల్లకి ఈ పని పుట్టినప్పటి నుంచీ తెలియదు, వాళ్ళ నాన్న మత్స్యశాఖలో గుమాస్తా, చేపల్ని కాగితాల మీదే చూశాడు. "ఏడు" అంది. "అలగనకూడదు పిల్లోడి కాడ. ఆరునొక్కటి." "ఆరునొక్కటి" అంది సుహాసిని బుద్ధిగా. వాడి ఏడుపు కొంచెం తగ్గింది, తగ్గి మళ్ళీ దుర్గ గొంతు వైపు తిరిగింది. సుహాసిని కళ్ళు మెరిశాయి. "అప్పా, నీ లెక్క ఫోన్లో రికార్డు చేసుకుంటాను. నేను లాగుతాను, నీ గొంతు వినిపిస్తాను. అప్పుడు తప్పకుండా పడుకుంటాడు."

దుర్గకు ఆశ పుట్టింది. ఎంత సులువో. హోటల్లో, విమానంలో, ఆ మేఘాల మీద, వాడి చెవి దగ్గర తన గొంతు. వాడు కన్నతల్లి కాళ్ళ మీద పడుకుంటాడు గానీ పెద్దమ్మ దగ్గరే పడుకున్నట్టు. ఆమె టికెట్టు లేకుండా వెళ్ళొచ్చేస్తుంది. పైగా అడిగింది సుహాసిని, తాను కాదు. నాలుక చివర దాకా వచ్చింది, సరే పెట్టు అని. అంత ఇష్టంగా ఆమె ఈ మధ్య ఏదీ కోరుకోలేదు.

"వద్దు" అంది. "నా గొంతు ఇక్కడే ఉండనీ. నువ్వే లెక్కెట్టు."

ఆ తర్వాత నోరు మూసుకుంది. సుహాసిని ఒక్కర్తే లెక్కపెట్టింది, సన్నగా, తడబడుతూ, పదమూడు తర్వాత పదిహేను అంటూ. పిల్లాడు కొంతసేపు దుర్గనే చూశాడు, మాట్లాడవేం అన్నట్టు. దుర్గ వల మీదికి తల దించుకుంది. ముప్పై దాటింది, నలభై దాటింది. అరవై దగ్గర ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. డెబ్భై ఒకటి దగ్గర వాడు తల తిప్పి, ఎవరిదీ గొంతు అన్నట్టు, పైకి, వాళ్ళమ్మ మొహంలోకి చూశాడు. చూస్తూ చూస్తూ కళ్ళు మూశాడు. దుర్గ దగ్గర ఇరవై చాలేవి, వీళ్ళమ్మకు డెబ్భై పట్టాయి, ఆ తేడాను దుర్గ మనసులో భద్రంగా దాచుకుంది, అదైనా తన దగ్గర ఉండాలి కదా. సుహాసిని లాగడం ఆపలేదు. ఆగితే లేస్తాడేమోనని తొంభై దాకా, నూరు దాకా లెక్కపెడుతూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారి చున్నీ మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

కారు హారను కొట్టింది. దుర్గ లేచింది. తిమ్మిరెక్కిన కాళ్ళతో రెండడుగులు వేసి గదిలోకి వెళ్ళి, సూట్‌కేసు తెరిచి కలరా ఉండల చీర తీసి మంచం మీద పడేసింది, ఒంటి మీదున్నది ఇవ్వలేదు గానీ దండెం మీద నిన్న విడిచింది తీసి పెట్టింది. నైలాను దారం చుట్ట ఒకటి డైపర్ల మధ్య దూర్చింది. వెదురు సూది కూడా పెట్టబోయి, ఎయిర్‌పోర్టులో లాక్కుంటారేమోనని మానుకుంది. "నాగావళి మీద రూపాయి వెయ్యి. నాతవలస కాడ చంపావతి మీద ఇంకోటి. ఇమానంలోంచి ఎయ్యడానికి ఉండదు, అక్కడ దండం ఎట్టుకో సాలు" అని సుహాసినికి చెప్పింది. సుహాసిని వేలికున్న ఉచ్చు తీయలేదు, దారం చెప్పులోంచి వేలాడుతుండగానే పిల్లాణ్ణి ఎత్తుకుని కారెక్కింది. ఏదో చెప్పబోయింది. "ఎల్లు, ఎల్లు, ఆడు లేస్తాడు" అని దుర్గ తలుపు తోసింది.

కారు మలుపు తిరిగి జీడితోట వెనక్కి పోయింది. దుర్గ వసారాలోకి వచ్చి మళ్ళీ గోడకు ఆనుకుంది, కాళ్ళు చాపింది. మోకాళ్ళ కింద చీర మీద వాడి చొంగ తడి ఇంకా ఆరలేదు. వల అంచు వెతికి బొటనవేలికి తగిలించుకుంది. నాలుగు కన్నులు వేసింది, ముడులన్నీ వదులుగా వచ్చాయి, విప్పేసింది. ఎడమ చంకలో మంట ఎక్కడికీ పోలేదు, మంచి పని చేస్తే పోతుందని ఎవరన్నారో వాళ్ళకి పిల్లలు లేరు. నిద్రపోతున్నాడేమో ఇంకా. వంతెన దాకా వచ్చి ఉంటారు. బాగానే ఉంటాడు. చూస్తూ చూస్తూ వాళ్ళమ్మ మొహంలోకి కళ్ళు మూశాడు, ఇక బాగానే ఉంటాడు. ఆమె సూది పక్కన పెట్టి, శ్రీకూర్మం ఎటువైపో అటు తిరిగి, రెండు చేతులూ జోడించింది. వినేవాళ్ళెవరూ లేకపోయినా గొంతు తగ్గించి అడిగింది.

"కూర్మనాదా, ఆడు నాకోసం ఒక్కసారి ఏడవాల. ఒక్కసారే తండ్రీ, ఎక్కువ వద్దు." కొంచెంసేపు ఆలోచించింది. "ఇమానంలో కాదు. దిగినాక."